గ్రీన్ బిల్డింగ్: మీ ఇంటి వేడికి బిల్లు ఎవరు కడుతున్నారు?

 

ఈరోజు టాపిక్ గ్రీన్ బిల్డింగ్స్. ఈ మాట వినగానే చాలామందికి ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. పెద్ద అద్దాల టవరు, బాల్కనీల్లో మొక్కలు, లాబీలో మెరిసే ఫలకం. ఫ్లాట్ రేటు మాత్రం మన ఊహకి అందదు. "మనకెందుకులే" అని స్క్రోల్ చేసేస్తాం. ఒక్క నిమిషం ఆగండి. మీరు టాప్ ఫ్లోర్‌లో సింగిల్ రూమ్‌లో అద్దెకి ఉంటున్నా, ఊళ్లో మీ ఇంటికి స్లాబ్ వేయించే మాటలు నడుస్తున్నా, ఇంకో రెండేళ్లలో హోమ్ లోన్ తీసుకుందామని చూస్తున్నా, ఇది సూటిగా మీ జేబుకి సంబంధించిన విషయం.

మే నెలలో టాప్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లకి తెలుసు. రాత్రి పదకొండు దాటినా పైకప్పు నుంచి వేడి దిగుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడినే మన మీదకి తోస్తుంది. కారణం సింపుల్. కాంక్రీట్ స్లాబ్ పగలంతా ఎండని తాగుతుంది, రాత్రంతా దాన్ని గదిలోకి వదులుతుంది. ఇల్లు కట్టిన రోజే ఆ స్లాబ్ మీద ఎండని ఆపే పొర ఒకటి వేసి ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గేది. ఆ రోజు ఆ ఖర్చు మిగుల్చుకున్నారు. దాని బిల్లు ఇప్పుడు ప్రతి ఎండాకాలం మీకొస్తోంది. కొందరు కరెంటు బిల్లుగా కడుతున్నారు. ఏసీ కొనలేనివాళ్లు తమ నిద్రతో కడుతున్నారు.

ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పేది ఈ ఒక్క మాటే. ఇల్లు కట్టేటప్పుడు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఒక బిల్లు ఉంటుంది. కట్టేవాళ్లు దాన్ని కట్టకపోతే అది మాయమైపోదు, ఇంకొకరి పేరు మీదకి వెళ్తుంది. అద్దెకుండేవాళ్ల మీదకి, పక్కింటివాళ్ల మీదకి, ఎక్కడో ఊళ్లో రైతు మీదకి, ఇంకా పుట్టని పిల్లల మీదకి. ఆ బిల్లుని ఎవరి మీదకీ తోసేయకుండా కట్టిన బిల్డింగే గ్రీన్ బిల్డింగ్.

సుస్థిర అభివృద్ధి, అంటే సస్టైనబుల్ డెవలప్‌మెంట్ అనే మాట కూడా ఇదే చెప్తుంది. 1987లో నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్ నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒక రిపోర్ట్ ఇచ్చింది. మన అవసరాలు తీర్చుకోవాలి, కానీ మన తర్వాత వచ్చేవాళ్ల అవసరాలకి గండి కొట్టకూడదు అన్నది దాని సారాంశం. అభివృద్ధి ఆపమని కాదు. అప్పు చేసి పిల్లల నెత్తిన పెట్టొద్దని.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది ఇంకా ఈజీగా అర్థమవుతుంది. డెడ్‌లైన్ కోసం ఈరోజు షార్ట్‌కట్ కొడతాం, రేపు ఇంకో టీమ్ దాన్ని మోస్తుంది. దాన్నే టెక్నికల్ డెట్ అంటాం. బిల్డింగ్‌కీ టెక్నికల్ డెట్ ఉంటుంది. తేడా ఏంటంటే, కోడ్‌ని రాత్రికి రాత్రి మార్చొచ్చు. పడమర గోడని తూర్పుకి తిప్పలేం. ఒకసారి కట్టాక యాభై ఏళ్లు దానితోనే బతకాలి.

ఏసీ వేడిని చంపదు

ముందు వేడి సంగతి చూద్దాం. చాలామంది ఏసీ చల్లదనాన్ని తయారు చేస్తుంది అనుకుంటారు. చేయదు. అది వేడిని మోసే కూలీ. గదిలో వేడిని తీసుకెళ్లి బయట పడేస్తుంది. ఉదాహరణకి ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని బయటికి తోసే ఏసీ ఉందనుకోండి. మోసిన మూడు, తను వాడుకున్న ఒకటి, మొత్తం నాలుగు యూనిట్ల వేడి వీధిలోకి వెళ్తుంది. సందులో ఎదురింటివాళ్ల కిటికీ దగ్గరికి. వాళ్లు ఆ వేడికి తలుపులేసుకుని ఇంకో ఏసీ కొంటారు. దాని వేడి మళ్లీ మీ వైపు వస్తుంది.

పైగా మన దేశంలో కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ విడుదల చేసింది. అప్పటికి నూటికి సుమారు ఎనిమిది ఇళ్లలోనే ఏసీ ఉంది. 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి దేశంలో చల్లదనం డిమాండ్ సుమారు 8 రెట్లు అవుతుందని ఆ ప్లాన్ అంచనా. అంటే ఏసీలు కొనబోయే జనం ఇంకా క్యూలో ఉన్నారు. వాళ్లని కొనొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. 44 డిగ్రీల్లో అమ్మమ్మకి ఏసీ కావాల్సిందే. ప్రశ్న ఒకటే. ఆ ఏసీ రోజుకి పది గంటలు నడవాలా, నాలుగు గంటలు చాలా? అది ఏసీ మీద కంటే ఇంటి మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

మన దగ్గర ఎండ ఎటు నుంచి పడుతుందో గమనించారా? హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒక రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడే పడదు. జీరో షాడో డే అంటారు. అంటే మండే ఎండాకాలంలో ఇంటికి అందరికంటే ఎక్కువ దెబ్బ తినేది పైకప్పు. అందుకే మొదటి రిపేర్ అక్కడే.

దీనికి హైదరాబాద్‌లోనే కొలిచిన లెక్కలున్నాయి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు కలిసి ఇక్కడి ఆఫీస్ బిల్డింగ్‌ల మీద తెల్ల పూత వేసి చూశారు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. మామూలు కాంక్రీట్ కప్పుకి తెల్ల పూత వేస్తే చదరపు మీటరుకి ఏడాదికి 13 నుంచి 14 యూనిట్ల కరెంటు మిగిలింది. కూలింగ్ ఖర్చులో 10 నుంచి 19 శాతం. నల్లటి కప్పుని తెల్లగా మారిస్తే 20 నుంచి 22 యూనిట్లు. 120 గజాల కప్పు అంటే సుమారు 100 చదరపు మీటర్లు. కాంక్రీట్ లెక్క తీసుకున్నా ఏడాదికి 1,300 యూనిట్లు. ఇవి పగలంతా ఏసీ నడిచే ఆఫీసులు కాబట్టి ఇంట్లో అంత మిగలదు. కానీ ఏసీ లేని ఇంట్లో వచ్చే లాభం కరెంటు బిల్లులో కనపడదు, నిద్రలో కనపడుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. దేశంలో ఇలాంటి పాలసీ తెచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పుని చల్లబరచాలని టార్గెట్, అందులో 200 హైదరాబాద్ ప్రాంతంలోనే. 600 గజాలు, అంతకన్నా పెద్ద స్థలంలో కట్టే ఇళ్లకి, వాణిజ్య భవనాలకి ఇది తప్పనిసరి. చిన్న ఇళ్లకి స్వచ్ఛందం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎండ ఎక్కువ దెబ్బ కొట్టేది రేకుల షెడ్లలో, చిన్న పోర్షన్లలో ఉండేవాళ్లని. చట్టం తప్పనిసరి చేసింది పెద్ద స్థలాలకి. ఖర్చు భరించగలిగేవాళ్లతో మొదలుపెట్టడం అర్థమవుతుంది. కానీ సాయం అవసరమైనవాళ్లు మాత్రం ఆ లైన్‌కి ఇవతలే ఉండిపోయారు.

తూర్పు ఫేసింగ్‌కి డబ్బులిస్తాం, పడమర ఎండ చూడం

మనవాళ్లు దిక్కులు చూడటంలో ఫస్ట్. ఈస్ట్ ఫేసింగ్ అంటే ఎక్స్‌ట్రా కడతాం. ఈశాన్యం పెరిగిందా లేదా టేప్ పెట్టి కొలుస్తాం. కానీ సాయంత్రం నాలుగింటికి పడమర ఎండ ఏ బెడ్‌రూమ్‌లో పడుతుందో ఎంతమంది అడుగుతారు?

దక్షిణం ఎండని ఆపడం తేలిక. మధ్యాహ్నం సూర్యుడు పైన ఉంటాడు కాబట్టి కిటికీ మీద సన్‌షేడ్ వేస్తే చాలావరకు నీడ పడుతుంది. పడమర అలా కాదు. సూర్యుడు కిందకి దిగి, సన్‌షేడ్ కింద నుంచి నేరుగా లోపలికి వస్తాడు. అక్కడ నిలువు పలకలు, జాలీ, చెట్టు, లేదంటే చిన్న కిటికీ కావాలి. బాత్రూమ్, మెట్లు, స్టోర్ రూమ్ లాంటివి పడమర వైపు పెడితే అవే గోడలా ఎండని ఆపుతాయి. దీనికి పైసా ఎక్కువ కాదు. ప్లాన్ గీసేటప్పుడు అరగంట ఆలోచన.

ఇక ఐటీ కారిడార్‌లో పడమర వైపు మొత్తం అద్దం పెట్టిన ఎలివేషన్లు చూస్తూనే ఉన్నాం. ఎండ అద్దంలోంచి లోపలికి సులువుగా వెళ్తుంది. లోపల వేడెక్కిన ఫ్లోరు, కుర్చీలు వదిలే వేడి అంత సులువుగా బయటికి రాదు. ఎండలో ఆపిన కారులో జరిగేదే అది. మంచి గ్లాస్ వాడితే తగ్గుతుంది, నిజమే. కానీ నీడలో ఉన్న కిటికీకి సాటి వచ్చేది ఏదీ లేదు.

కొండాపూర్ దగ్గరున్న ఒక రుజువు

"ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయి, కట్టినవాళ్లెవరు?" అంటారా? హైటెక్ సిటీ పక్కన, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ దగ్గర ఒక బిల్డింగ్ ఉంది. పేరు సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సీఐఐ, గోద్రెజ్ సంస్థ కలిసి, అమెరికా యూఎస్ ఎయిడ్ సహకారంతో కట్టించాయి. 2003లో దానికి లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది. అమెరికా బయట ఆ రేటింగ్ వచ్చిన మొదటి బిల్డింగ్ ప్రపంచంలో అదే. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు.

లోపల ఏముందంటే, గుండ్రటి బిల్డింగ్, మధ్యలో ఆకాశం కనపడే ఖాళీ స్థలం, గాలి ఆడే జాలీ గోడలు, గాలిని ముందే కాస్త చల్లబరిచి లోపలికి పంపే విండ్ టవర్లు, కప్పు మీద తోట, సోలార్ ప్యానెల్స్. వాడిన నీళ్లని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధి చేసి తోటకి వాడతారు. ఈ లిస్ట్‌లో సోలార్ ప్యానెల్స్ తీసేస్తే మిగతావి మీకు ఎక్కడో విన్నట్టు అనిపించట్లేదా? గోదావరి జిల్లాల మండువా లోగిలిలో మధ్యలో ఆకాశం ఉంటుంది. పాతబస్తీ కట్టడాల్లో జాలీ ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లకి మందపాటి మట్టి గోడలుంటాయి. ఆ గుండ్రటి ఆకారం తుపాను గాలికి ఎదురు నిలబడకుండా పక్కకి జారనిస్తుంది.

అలా అని అందరం చుట్టిళ్లకి వెళ్లిపోదాం అనట్లేదు. తాటాకు కప్పుకి నిప్పు భయం ఉంది, తరచూ మార్చాల్సిన పనుంది. 100 గజాల్లో మూడంతస్తులు కట్టేవాళ్లకి మండువా కుదరదు. కానీ ఆ ఇళ్ల వెనకున్న లెక్క కుదురుతుంది. నీడ ఇవ్వు, గాలికి దారి వదులు, వేడిని బయటే ఆపు. ఈ మూడూ 100 గజాలకీ పనికొస్తాయి.

ఖర్చు సంగతికొస్తే, ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ లెక్కల ప్రకారం ఆ సెంటర్ కట్టినప్పుడు మామూలు బిల్డింగ్ కంటే సుమారు 18 శాతం ఎక్కువైంది. మొదటిది కదా, చాలా సామాను మన దగ్గర దొరికేది కాదు. 2005లో గుర్‌గావ్‌లో విప్రో బిల్డింగ్‌కి అదే ప్లాటినం వచ్చేసరికి అదనపు ఖర్చు సుమారు 8 శాతానికి దిగింది. ఎక్కువమంది అడిగేకొద్దీ సప్లయర్లు వస్తారు, రేటు దిగుతుంది. మొదటి స్మార్ట్‌ఫోన్ రేటు, ఇప్పటి రేటు గుర్తు చేసుకోండి.

ఇటుక ఎవరి పొలంలోది?

ఇప్పటిదాకా కరెంటు గురించే మాట్లాడాం. ఇల్లు కట్టకముందే పడే బిల్లు ఇంకొకటుంది. ఎర్ర ఇటుక దేనితో చేస్తారు? మట్టితో. ఏ మట్టి? చాలాచోట్ల పొలం పై పొర మట్టి. పంటకి బలమిచ్చేది ఆ పొరే. దాన్ని చెక్కి అమ్మేస్తే మళ్లీ తయారవ్వడానికి తరాలు పడుతుంది. మరోవైపు కొత్తగూడెం, రామగుండం, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల థర్మల్ ప్లాంట్ల పక్కన బూడిద చెరువులు నిండుతుంటాయి. ఈదురు గాలి వస్తే చుట్టుపక్కల ఊళ్లలో అన్నం కంచాల్లోకి బూడిద. ఆ బూడిదతో ఇటుక చేస్తే పొలమూ మిగులుతుంది, బూడిదా తగ్గుతుంది. 1999లోనే కేంద్రం దీని మీద ప్రత్యేక నోటిఫికేషన్ ఇచ్చింది. ఇవాళ ఫ్లై యాష్ ఇటుకలు మన జిల్లాల్లో మామూలుగా దొరుకుతున్నాయి.

సిమెంట్ సంగతి ఇంకా పెద్దది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే, ఆ రాయిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. బట్టీ మొత్తం సోలార్‌తో నడిపినా అది రాకుండా ఉండదు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంట్‌దే. అందుకే బూడిద కలిపిన పీపీసీ సిమెంట్ వాడటం, అవసరానికి మించిన పిల్లర్లు వేయకపోవడం, ఫ్లోరింగ్‌కి దూరదేశం మార్బుల్ బదులు తాండూరు బండలో, కడప బండలో వేయించడం కూడా గ్రీన్ బిల్డింగే. దీనికి ఏ ఫలకమూ అక్కర్లేదు.

ట్యాంకర్ లెక్క

హైదరాబాద్‌కి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి వస్తాయి. మీ కుళాయిలో ప్రతి బిందెలోనూ కరెంటు ఉంది. ఇప్పుడు మీ కప్పు చూడండి. నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. 100 చదరపు మీటర్ల కప్పు మీద పడేది 80 వేల లీటర్లు. నూటికి ఎనభై పట్టుకున్నా 64 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండుకి పైనే. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి దాదాపు నాలుగు నెలల నీళ్లు. వానాకాలంలో వాటిని డ్రైనేజీలోకి వదిలేసి, మార్చిలో ట్యాంకర్ బుక్ చేస్తాం. ఇంకుడు గుంత చాలా ప్లాన్లలో గీసి ఉంటుంది. నేల మీద ఉందా లేదా, ఉంటే పూడిక తీశారా, అదే చూడాలి.

ఫలకం చూసి ఆగిపోకండి

రేటింగ్‌లు మంచివే. ఐజీబీసీ సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం ఇస్తుంది. గృహ అనే రేటింగ్ ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తుంది. కానీ బ్రోచర్‌లో "ప్రీ సర్టిఫైడ్" అని ఉంటే అది డ్రాయింగ్‌లకి వచ్చిన మార్కు. కట్టాక వచ్చే ఫైనల్ సర్టిఫికెట్ వేరు. ఏది వచ్చిందో అడగండి.

ఇంకో విషయం. ప్లాటినం టవర్ కట్టే కూలీలు ఎక్కడ పడుకుంటున్నారు? పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు సైట్ పక్కన రేకుల షెడ్డులో ఉడికిపోతూ ఉంటే, ఆ బిల్డింగ్ వేడి బిల్లుని వాళ్లు కడుతున్నట్టే కదా? అభివృద్ధి సుస్థిరంగా ఉండాలంటే ముందు కట్టేవాళ్ల ఒళ్లు నిలబడాలి. చాలామంది ఈ మాట గ్రీన్ బిల్డింగ్ లిస్ట్‌లో పెట్టరు. నేను మొదట్లోనే పెడతాను.

సరే, మీరేం చేయొచ్చు? అద్దె ఇల్లు చూడటానికి పొద్దున్న కాదు, సాయంత్రం నాలుగింటికి వెళ్లండి. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. రెండు వైపులా కిటికీలున్నాయా, ఎదురెదురుగా గాలి ఆడుతుందా చూడండి. టాప్ ఫ్లోర్ అయితే కప్పుకి తెల్ల పూత వేయించమని ఓనర్‌ని అడగండి. "అంకుల్, మార్చిలోపు వేయిస్తే కప్పుకి పగుళ్లూ తగ్గుతాయి, నేను ఇంకో రెండేళ్లు ఖాళీ చేయను" అని చెప్పి చూడండి, బేరం కుదిరే అవకాశం ఉంది. సొంతిల్లు కడుతుంటే మేస్త్రితో ఎలివేషన్ డిజైన్ మాట్లాడకముందే పడమర గోడ, కప్పు, ఇంకుడు గుంత మాట్లాడండి. ఫ్లాట్ కొంటుంటే బిల్డర్‌ని మూడు అడగండి. ఫైనల్ రేటింగ్ ఏది? గోడల్లో ఏ ఇటుక? వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? సమాధానం రాకపోయినా పర్లేదు. పదిమంది అడిగితే పదకొండోవాడికి సమాధానం రెడీగా పెట్టుకుంటారు.

మన ఊళ్లలో రాబోయే ఇరవై ఏళ్లలో లేవబోయే ఇళ్లలో చాలా వాటికి ఇంకా పునాది పడలేదు. వాటి బిల్లు ఎవరికి వెళ్లాలో ఇప్పుడే, ప్లాన్ కాగితం మీదే తేలిపోతుంది. ఈ వీడియో ఇల్లు కట్టే ఆలోచనలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి పంపండి, స్లాబ్ వేయకముందే.